భయపడినట్టు నిలబడండి

దెయ్యం సినిమాలు తీసేవాళ్లకు ఒక జబ్బుంటుంది. పసుపు, కుంకుమ, వేపాకు ఒకచోట కనబడితే చాలు, వాళ్లకు వెన్నులో చలి పుడుతుంది. మాకేమో అవి కనబడితే ఇంట్లో ఏదో మంచి జరుగుతోందనిపిస్తుంది. ఈ తేడా డైరెక్టరుకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

వడమాలపేట చుట్టుపక్కల షూటింగుకు జనం కావాలంటే మునిశేఖర్ అనే నాకే ఫోను వస్తుంది. ఈసారి సెట్టు వేసింది మా బావ దొరస్వామి మామిడితోపులో. ఆడవాళ్ల గుంపులో మా అక్క మునిలక్ష్మిని కూడా నిలబెట్టాను. నెలరోజులుగా ఆమె ముఖంలో కళ లేదు. నలుగురిలో ఉంటే కాస్త తేరుకుంటుందని నా ఆశ.

అక్క దిగులుకు కారణముంది. కూతురు ప్రసన్నకుమారి జోయల్ అనే క్రైస్తవుల అబ్బాయిని పెళ్లి చేసుకుని తిరుపతిలో కాపురముంటోంది. నెల కిందట ఆడపిల్లను కన్నది. అక్క ఆ పాపను నా ఫోనులో తప్ప చూడలేదు. జాతరలో గంగమ్మకు తొలి పొంగలి బావ ఇంటి నుంచే పోతుంది. "సిలువ ఉండే ఇంట్లో మనం కాలు పెడితే అమ్మ ఒప్పుకోదు" అని బావ ఒక్క మాట అనేశాడు. అంతే, అక్క నోరు మూతపడింది.

"మీ బావతో అయితే పోట్లాడతాను గానీ, అమ్మతో ఎట్ల పోట్లాడేదిరా?" అన్నది నాతో. ఆ మాటకు నాకు బావ మీద ఒళ్లు మండింది. తన పంతానికి అమ్మవారిని అడ్డం పెట్టుకోవడం ఏం పెద్దరికం?

ఇక షూటింగు సంగతి. పాడుబడ్డ గుడి సెట్టు ముందు హీరోయిన్ జుట్టు విరబోసుకుని ఊగాలి. ఆమెను పట్టింది అమ్మవారి రూపంలో వచ్చిన దుష్టశక్తి అట. "రక్తం కావాలి" అని అరవాలి. మంత్రగాడు విభూతి చల్లాలి. ఆడవాళ్లు హడలిపోయి వెనక్కి జరగాలి. "భయపడినట్టు నిలబడండి, చాలు" అని వాళ్లకు చెప్పాను.

తప్పు నాదే. డప్పులవాళ్లను పిలవమంటే ఐరాల నుంచి అసలైన పంబలవాళ్లను పిలిపించాను. పంబ అంటే జాతరలో అమ్మను పిలిచే వాయిద్యం. పంబ మోగగానే ఆడవాళ్లు కొంగులు సర్దుకుని చేతులు జోడించారు. డైరెక్టరు కట్ చెప్పాడు.

"వీళ్ల ముఖాల్లో భయమే లేదేంటండీ?"

"ఈడ అమ్మ వస్తే ఎవురూ భయపడరు సార్. అడుగుతారు."

"ఏం అడుగుతారు?"

"ఏముంటాయి సార్, వానలు, పెండ్లిళ్లు, రోగాలు."

ఆయన నవ్వాడు. "ఇది అమ్మ కాదు శేఖర్ గారూ, దుష్టశక్తి."

"మీ కథలో కావచ్చు సార్. పంబకు ఆ సంగతి తెలీదు గదా."

రెండోసారి మొదలుపెట్టారు. హీరోయిన్ కృపారాణి తడ ఊరి పిల్ల, ఇదే మొదటి సినిమా. మంత్రగాడి వేషగాడు విభూతి పట్టుకుని చెయ్యెత్తాడు. అంతలో నీలంచీర కట్టుకున్న అక్క గుంపులోంచి ముందుకొచ్చి, సెట్టులో వెలుగుతున్న కర్పూరం పళ్లెం తీసి కృపారాణి ముఖానికి ఎదురుగా పట్టింది. అమ్మను మాట అడిగేటప్పుడు పంబ ఆపడం ఆచారం. పంబలవాళ్లు ఆపేశారు.

"తల్లీ, నా బిడ్డ బిడ్డను కన్నాది. పోయి సూసుకునేదానికి నువ్వు ఒప్పుకోవంట. నిజమేనా?"

డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు. విభూతి పట్టుకున్నవాడు చెయ్యి దించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. కృపారాణి అక్కనే చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనెప్పుడు వద్దన్నానే?" అన్నది గట్టిగా. "ఎవురు సెప్పినారు నీకు? నా పేరు సెప్పి నీ బిడ్డను నీకు దూరం సేసిందెవురు?"

కెమెరా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని బావ కూర్చుని ఉన్నాడు. ఆయన ఎవరో ఆ పిల్లకు తెలియదు, అటు చూడనైనా లేదు. బావ కాలు దించాడు. తర్వాత లేచి, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

డైరెక్టరు తేరుకుని కట్ చెప్పాడు. భోజనాల తర్వాత మళ్లీ తీద్దామని విసుక్కుంటూ పోయాడు. నేను కృపారాణి దగ్గరికి పోయి, ఆ మాటలు ఎవరు నేర్పించారని అడిగాను.

"ఎవురూ లేదన్నా. మేము చర్చికి పోయేవాళ్లం. మా వీధిలో సిద్ధమ్మత్తకు అమ్మ వస్తాది, ఆమె ఇట్నే కోప్పడతాది. మీ అక్క అట్ల అడిగితే రక్తం కావాలని యాడ అనేదన్నా?"

చర్చికి పోయే పిల్ల! ఈ సంగతి బావ చెవిన పడితే మళ్లీ మొదటికి వస్తాడని భయమేసింది. ఎవరితోనూ అనొద్దని ఆ పిల్లకు చెప్పి, భోజనాల దగ్గర బావ కోసం వెతికాను. కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు విడిచిన చెప్పులు అట్లాగే ఉన్నాయి. చెట్టుకింద పెట్టిన బండి మాత్రం లేదు.

మధ్యాహ్నం జనాన్ని మళ్లీ నిలబెట్టేసరికి డైరెక్టరు కేకలేశాడు. "ఆ నీలంచీర ఆమె ఏదండీ? ఆమె లేకపోతే పొద్దున తీసిందంతా దండగే."

అక్కకు ఫోను లేదు. బావకు చేశాను. ఎత్తడనుకున్నాను, ఎత్తాడు. ఇది సినిమా అని తెలిసే తోపు ఇచ్చిన మనిషి ఆయన. ఆ మాట అమ్మదే అనుకున్నాడో, తనకు కావలసిన మాట ఎవరో ఒకరు అన్నారనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"బావా, యాడుండారు? డైరెక్టరు అక్క కోసం ఇల్లు పీకి పందిరేస్తా ఉన్నాడు" అన్నాను.

పొలం గట్టు మీద నిలబడి మాట్లాడితే పక్క ఊరికి వినబడే గొంతు బావది. అది ఇంత చిన్నగా పలకగలదని నాకు ఆరోజే తెలిసింది.

"మెల్లిగా మాట్లాడబ్బా. పాప నా ఒళ్లోనే నిద్రపోతా ఉండాది."