ఎడమ బూటు చప్పుడు

పోలీసు స్టేషను గడప తొక్కకుండానే ఫిర్యాదు ఇచ్చే వెసులుబాటు వచ్చాక నా కౌంటరు ముందు జనం పెరిగారు. ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఇదీ నా సామ్రాజ్యం. సైకిలు పోయినవాళ్లు, బస్సులో పర్సు పోగొట్టుకున్నవాళ్లు, తెల్లారేసరికి పూలకుండీ మాయమైనవాళ్లు అందరూ వస్తారు. ఎవరికీ దెబ్బ తగిలి ఉండకూడదు, దొంగ ఇంకా అక్కడే ఉండకూడదు, పోయింది చిన్న వస్తువై ఉండాలి. అలాంటి ఫిర్యాదులే ఆన్‌లైన్లో తీసుకుంటారు. "ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అనే గడి దగ్గర మాత్రం నేను అందరికీ ఒకే మాట చెబుతాను. "ఉందని నొక్కారో, ఫారం అక్కడే మూసుకుపోతుంది. స్టేషనుకు రమ్మంటుంది. లేదని నొక్కండి." మనిషన్నాక అనుమానం లేకుండా ఉంటుందా? పక్కింటాయన మీద పళ్లు నూరుతూనే లేదని నొక్కించుకుని పోతారు.

నా సొంత ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి ఆ గడి ముందే నా వేలు ఆగిపోయింది.

పోయినవి మా ఆయన బూట్లు. ఆయన పోయి ఏడాది దాటింది. పేపర్లు అచ్చేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ ఆయనది. ఒక రాత్రి మిషను పక్కనే కుప్పకూలారు. ఆస్పత్రివాళ్లు సంచిలో వేసి ఇచ్చిన బూట్లను మా అత్తయ్యే తీసుకెళ్లి తలుపు బయట పెట్టింది. "ఇద్దరాడాళ్లం ఉండే కొంప. గుమ్మంలో మగాడి బూట్లుంటే వచ్చేవాడు ఒక అడుగు వెనక్కేస్తాడు" అంది. నాకూ అది సబబుగానే తోచింది.

ఆ బూట్లలో ఎడమదాని మడమ ఎప్పుడో ఊడింది. సగం వేలాడుతూ ఉండేది. కుట్టించుకోండి మహానుభావా అని నేనెంత మొత్తుకున్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే. తెల్లవారుజామున డ్యూటీ దిగి రెండో అంతస్తుకు ఎక్కి వస్తుంటే టక్కు, సర్రు, టక్కు, సర్రు అని వినిపించేది. ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది, విసుగూ వచ్చేది. బిల్డింగంతా లేపుతున్నారని సణిగేదాన్ని.

ఆయన పోయిన కొన్నాళ్లకు ఆ చప్పుడు తిరిగి వచ్చింది.

మొదటిసారి విన్నప్పుడు వెనక గదిలో పడుకుని ఉన్నాను. టక్కు, సర్రు. ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. మలుపు దగ్గర కాస్త ఆగింది. మళ్లీ ఎక్కింది. మా గుమ్మం ముందు నిలబడిపోయింది. తలుపు కొట్టలేదు, గొళ్లెం కదల్లేదు. నేను దుప్పటి పిడికిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయాను. తలుపు తీస్తే ఎవరూ ఉండరేమోనని భయం. ఉంటారేమోనని అంతకంటే భయం.

పొద్దున అత్తయ్యను అడిగాను.

"తెల్లారుజామున మీకేమన్నా వినిపించిందా అత్తయ్యా?"

"నాకెక్కడ వినిపిస్తుందే, చెవుడు కదా" అంది పాలు పొయ్యి మీద పెడుతూ.

ఆవిడ చెవుడు సంగతి నాకు తెలియనిదా! నేను పక్కగదిలో బిస్కెట్టు ప్యాకెట్టు విప్పితే ఆవిడకు వినిపిస్తుంది. అవసరమైనప్పుడు మాత్రమే వచ్చే చెవుడు అది. అయినా ఆవేళ నేను గుచ్చి అడగలేదు. కొడుకు పోయిన తల్లి దగ్గర ఇలాంటి మాట ఎలా ఎత్తను?

తర్వాత రోజూ వచ్చింది. భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. చప్పుడు కాస్త ఆలస్యమైతే లేచి కూర్చునేదాన్ని. వినిపించగానే ఇటు తిరిగి పడుకునేదాన్ని, ఆయన వచ్చేశారు కదా అని. పగలంతా ఎంత ఏడిపించే గిరాకీ వచ్చినా ఓర్చుకునేదాన్ని. ఎవరికైనా చెబితే పిచ్చి పట్టిందంటారు. పట్టిందనే అనుకోనివ్వండి, ఆ పిచ్చి మీదే నేను బతికాను.

ఒక తెల్లవారుజామున మెట్లు మూగబోయాయి. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో బూట్లు లేవు. మర్నాడూ చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు.

కౌంటరు దగ్గర గిరాకీ పలచబడ్డాక ఫారం తెరిచాను. వస్తువు: నల్ల తోలు బూట్లు, ఒక జత, పాతవి. విలువ దగ్గర సున్నా వేస్తే ఒప్పుకోలేదు, ఒక రూపాయి వేశాను. ఎందుకు కావాలో రాసే గడి ఆ ఫారంలో లేదు. ఇక అనుమానం. నాకు అనుమానం ఉంది. ఆయనే వచ్చి తొడుక్కుని వెళ్లిపోయారని. ఇక రానని చెప్పడానికే పట్టుకుపోయారని. స్టేషనుకు వెళ్లి ఈ ముక్క ఎవరితో చెప్పను? కళ్లు తుడుచుకుని లేదని నొక్కాను.

రెండ్రోజులకు స్టేషను నుంచి కానిస్టేబులు ఫోను చేశాడు.

"మేడం, రూపాయి బూట్లకు కేసా? మా టీ ఖర్చు కూడా రాదు కదండీ!"

"మీకు రూపాయే. నాకు కాదు" అన్నాను.

అతని వేళాకోళం ఆగిపోయింది. "సరే అక్కా, ఏమనుకోకండి. మీ మెట్ల దగ్గర కెమెరా ఏమన్నా ఉందా? ఉంటే చూసి చెప్పండి, మనిషి కనపడితే నేనే వస్తా."

కెమెరా మందుల షాపాయనది. మెట్ల మొదట్లోనే ఆయన షట్టరు. ఆయన మంచివాడు, మాట్లాడకుండా కుర్చీ వేసి, ఆ తేదీ తీసి పెట్టి, గిరాకీ చూసుకోవడానికి వెళ్లాడు. తెరంతా బూడిద రంగు. తెల్లవారుజామున మా అత్తయ్య ఒక చేతిసంచీతో దిగి వీధిలోకి వెళ్లింది. సంచీలోంచి బూటు ముక్కు బయటికి కనిపిస్తోంది.

నాకు అర్థం కాలేదు. అంతకుముందు రోజుది తీశాను.

అత్తయ్య మెట్లు దిగుతోంది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పక్కకి తిరిగి, కాలు మెల్లగా ఆనిస్తూ ఒక్కో మెట్టూ దిగుతోంది. చీర కుచ్చిళ్ల కింద కొడుకు బూట్లు. ఆవిడ పాదాలు వాటిలో పిల్లల పాదాల్లా ఉన్నాయి. కింది మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. పాలవాడు అక్కడ పెట్టి వెళ్లిన ప్యాకెట్టు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది, ఎడమ కాలు ఈడుస్తూ. కెమెరాకు చప్పుడు వినిపించదు. నాకు వినిపించింది. ఆ ముందు రోజూ అంతే. దాని ముందు రోజూ అంతే.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది.

"ఇన్నాళ్లూ నన్ను ఆడించారా అత్తయ్యా? అక్కడ పడుకుని నేను ఆయన వచ్చారనుకుంటుంటే, మీరు బయట నిలబడి నవ్వుకున్నారా?"

ఆవిడ కత్తిపీట పక్కకు జరిపింది. నేను ఏ సంగతి మాట్లాడుతున్నానో అడగలేదు.

"అది నీకు వాడి నడకలా వినపడుతోందని నాకు తెలీదే. నువ్వు అడిగిన రోజు, నా నడక నీకు నిద్ర చెడగొట్టిందనుకున్నా. అందుకే చెవుడన్నా."

"మరి ఎందుకు చేశారు?"

"ఆ రోజు వాడు ఎక్కాల్సిన మెట్లు అలాగే ఉండిపోయాయి కదే. ఎక్కకుండానే పోయాడు. వాడి బదులు ఎక్కుతున్నా" అంది. "పైకి వచ్చి ఒక్క నిమిషం తలుపు ముందు నిలబడేదాన్ని. అమ్మయ్య, ఇల్లు చేరాడు అనుకుని, బూట్లు విప్పేసి, దగ్గరగా వేసి ఉంచిన తలుపు మెల్లగా తోసుకుని లోపలికొచ్చేదాన్ని."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడ పక్కన కూలబడ్డాను.

"బూట్లేవి?"

"చెప్పులు కుట్టేవాడి దగ్గర. మడమ మెలికపడి పడబోయానే. కాలు విరిగిందంటే నీ నెత్తిన పడతాను. కుట్టించి పెట్టేద్దామంటే, వాటిని పుచ్చుకున్న మర్నాటి నుంచీ వాడు జ్వరమొచ్చి కొట్టు తీయట్లేదు. నువ్వేమో పోలీసులకు చెప్పానంటివి. ఇంక నోరెలా విప్పమంటావ్? ఈ వయసులో బేడీలా!"

నాకు నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు. కానిస్టేబులుకు ఫోను చేసి బూట్లు దొరికాయని చెప్పాను. ఎవరు తీశారని అడిగాడు. ఇంట్లోవాళ్లే అన్నాను. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడక్కా, నేనెంత?" అని ఫిర్యాదు మూసేశాడు.

చెప్పులు కుట్టేవాడికి జ్వరం తగ్గింది. సాయంత్రం బూట్లు ఇంటికి వచ్చాయి. కొత్త అట్టలు, కొత్త మడమలు. మంచి పనివాడు, మెరుగు కూడా పెట్టాడు. నేను వద్దంటున్నా వినకుండా అత్తయ్య వాటిని తొడుక్కుని కిందికి దిగింది. నేను వెనక గదిలో పడుకుని కళ్లు మూసుకున్నాను.

టక్కు, టక్కు, టక్కు, టక్కు.

ఎవరో కొత్త మనిషి వస్తున్నట్టుంది. కరెంటు బిల్లు ఇచ్చేవాడో, ఇంకెవరో. అత్తయ్య ఎడమ కాలు ఈడ్చి చూసింది, ఆగి మళ్లీ ఈడ్చింది. ఆ సర్రు రాలేదు. ఆ చెప్పులు కుట్టేవాడు ఆయనను ఆ బూట్లలోంచి పీకి పారేసి శుభ్రంగా కుట్టేశాడు.

"ఎలా ఉందే?" అని గుమ్మంలోంచి అడిగింది.

అబద్ధం ఆడదామనుకున్నాను. కానీ "ఆయనలా లేదు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది. తర్వాత బూట్లు విప్పి నా ముందు పెట్టింది.

"నువ్వెక్కవే. నేను ఒక్కసారీ వినలేదు. కాలు జారకుండా చూసుకోవడంతోనే సరిపోయేది. నీకున్న ఆ కాస్త కూడా నాకు లేదు."

"ఇందులో ఇప్పుడు ఏమీ లేదు అత్తయ్యా, మామూలు చప్పుడే."

"అదే వింటాను."

బూట్లు నాకూ పెద్దవే. కిందికి దిగి, వెనక్కి తిరిగి ఎక్కాను. బరువుగా, తొందర లేకుండా, రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషిలా. మలుపు దగ్గర ఆయన ఆగినట్టే ఆగాను. గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు మూసి ఉంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఎవరూ?" అంది అత్తయ్య. కొడుకు డ్యూటీ నుంచి వస్తే అడిగే గొంతు అది. ఏడాదిగా ఆ గొంతు నేను వినలేదు.

నా పేరు చెప్పాలో, అత్తయ్యా అని పిలవాలో తోచలేదు.

"నేనేనమ్మా" అన్నాను.

లోపల ఆవిడ పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది. ఆయన పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు. నేను బూట్లతోనే లోపలికి వెళ్లాను.