నాయన పెట్టిన కొలత

సుధన్వ ఇంటి పక్కన పదమూడడుగుల సందు ఉంది. జమ్మలమడుగులో పాత ఇళ్ల నడుమ అంత జాగా మిగలడమంటే మాటలు కాదు. ఇన్నాళ్లూ అందులో ఒక విరిగిన మంచం, రెండు నీళ్ల డ్రమ్ములు, ఒక పిల్లి సంసారం తప్ప ఏమీ లేవు. ఇప్పుడు మాత్రం సుధన్వ ప్రాణమంతా ఆ సందులోనే కొట్టుకుంటోంది, ఎందుకంటే వాళ్ల నాయన ఇంట్లోంచి వెళ్లిపోయేది ఆ సందులోంచే.

ఆయన తప్పేమీ లేదులెండి. గణపతి సామి అంటే ఇటు ముద్దనూరు దాకా తెలియని మేస్త్రీ లేడు. ఎవరు ఇల్లు కట్టాలన్నా ముందు ఆయన రావాలి, నూలు దారం లాగాలి, ముగ్గు పోయాలి. పొడవునూ వెడల్పునూ గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలినదాన్ని బట్టి ఆ ఇంటికి ఏ ఆయం పడిందో, అది మంచిదో చెడ్డదో చెప్పేవాడు. మంచి ఆయం పడకపోతే ఒకచోట రెండంగుళాలు కలిపి, ఇంకోచోట మూడంగుళాలు తీసి, లెక్క కుదిరేదాకా ఒప్పుకునేవాడు కాదు. నలభై ఏళ్లు అదే పని. రెండేళ్ల నుంచి మతి జారిపోతోంది. భార్య పోయిందన్న సంగతి మరిచాడు. కొడుకు ముఖం రోజు విడిచి రోజు మరుస్తున్నాడు. ఆయం లెక్క మాత్రం అంగుళం తప్పలేదు. దేవుడికి ఏం పోయేకాలం వచ్చిందో, మనిషిని తీసుకుపోయి లెక్కను వదిలిపెట్టాడు.

ఆరు నెలల్లో మూడుసార్లు వెళ్లిపోయాడు. మొదటిసారి బస్టాండులో దొరికాడు. రెండోసారి ముద్దనూరు రైల్వే స్టేషన్లో, వీరపునాయునిపల్లెలో ముగ్గు పోయాలి, రైలు ఎప్పుడొస్తుందని పోర్టరును అడుగుతూ కనిపించాడు. మూడోసారి మిట్టమధ్యాహ్నం పెన్న ఇసుకలో, చెప్పుల్లేకుండా. అరికాళ్లు బొబ్బలెక్కిపోయాయి. ఆ రోజు సుధన్వ నాయనను భుజాన వేసుకొని కట్ట ఎక్కుతూ బిగ్గరగా ఏడ్చాడు. చూసేవాళ్లు చూశారు.

చెల్లెలు శ్రీవిద్య కడప నుంచి ఫోన్ చేసింది. వల్లూరు దగ్గర వృద్ధాశ్రమం చూసిందట.

"నెలాఖరు దాకా మంచం ఆపమని చెప్పినానన్నా. ఆ తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారంట. నువ్వు ప్రొద్దుటూరులో, వదిన ముద్దనూరు బళ్లో. పగలంతా నాయనను ఎవరు చూసుకుంటారు చెప్పు."

ఏం చెప్తాడు? తాళం వేసి పోవడమూ అయింది. రెండో రోజు నాయన తలుపు బాది బాది అరచేతులు వాచాయి. పక్కింటి షాహీదాబీ గోడ మీంచి చూసి ఫోన్ చేసి తిట్టిపోసింది.

"గొడ్డును కట్టేసినట్టు కట్టేసి పోతావా సుధన్వా? ఆయప్ప లోపల తల కొట్టుకుంటాండాడు. నాకు చూడ బుద్ధి కాలే."

అప్పుడు పుట్టింది షెడ్డు ఆలోచన. పురోహితుల ఇంట పుట్టి కార్ల కింద దూరేవాడని ఊరు సుధన్వకు 'మెకానిక్ సామి' అని ఏనాడో పేరు పెట్టింది. ప్రొద్దుటూరులో తను పనిచేసే షెడ్డు జాగాను యజమాని అమ్మేశాడు, ఎలాగూ ఖాళీ చేయాలి. ఆ పనేదో ఇంటి దగ్గరే చేసుకుంటే నాయన కళ్ల ముందుంటాడు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది.

సుధన్వ సుద్దముక్క తీసుకొని సందులోనే నేల మీద గీశాడు. వెడల్పు పన్నెండడుగులు, పొడవు ఇరవై. వీధి వైపు పదడుగుల షట్టరు. నడుమ కారు కింద నిలబడి పనిచేసుకునే గుంత. ఆ పక్కన ఒక చిన్న గుండ్రం గీసి, అది నాయన కుర్చీ అన్నాడు. పైన ఫ్యాను. సందు మొత్తం షెడ్డు కింద పోతుంది కాబట్టి ఆయన వీధిలోకి అడుగు పెట్టాలంటే తన ముందు నుంచే పోవాలి.

భార్య వేదవతి ఆ గుండ్రం వైపు చాలాసేపు చూసింది. "ఇది కుదరకపోతే మన దగ్గర ఇంకో దారి లేదండీ" అంది.

"కుదురుతాది" అన్నాడు సుధన్వ.

ఇటుకా పునాదీ అంటే నెల పడుతుంది. నాపబండలు నిలబెడితే ఒక్క రోజు. గాడి తవ్వి, మనిషెత్తు బండలు వరసగా నిలేసి, అడుగున కాంక్రీటు పోసి, నడుమ సందులు సిమెంటుతో పూడిస్తే సాయంత్రానికి గోడ లేస్తుంది. ఈ పక్క సగం దొడ్లు అలా లేచినవే. నాసిర్ మేస్త్రీ వచ్చి కొలతలు చూసుకున్నాడు, బండలు దింపించాడు.

ఆ సాయంత్రం నాయన బయటికొచ్చి బండలను ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఆ రోజు తెలివిలోనే ఉన్నాడు.

"ఏంది నాయనా ఇది? ఎవరికి కడతాండావు?"

"నీకే నాయనా. నీకోసమే" అన్నాడు సుధన్వ.

అబద్ధం కాదు కదా. ముసలాయన ఒక బండ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు ప్రొద్దుటూరులో చివరి రోజు. సాయంత్రానికి తాళాలు ఇచ్చేయాలి. పులివెందుల నుంచి నారాయణ అనే చీనీపండ్ల తోటల రైతు జీపు తెచ్చి వదిలిపోయాడు. ఇరవై ఏళ్లుగా ఆయన బండి మీద ఇంకో మెకానిక్కు చెయ్యి పడలేదు. "నీ కొత్త షెడ్డులో మొదటి బండి నాదే కావాలప్పా, ఆదివారానికి ఇయ్యి" అని చెప్పి బస్సెక్కాడు. దాని గేరుబాక్సు పాడైంది, రెండో గేరు తప్ప పడడం లేదు. సుధన్వ పనిముట్లన్నీ దాని వెనక సర్దుతుండగా పదిన్నరకు నాసిర్ ఫోన్ చేశాడు.

"అప్పా, సామి దారం పట్టుకొచ్చినాడు. నువ్వు పెట్టిన దానికి ఆయం కుదర్లేదంట. కొలతలు మార్చమంటాండాడు."

సుధన్వకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో. నాయన దారం పట్టుకున్నాడంటే నాయన ఉన్నాడన్నమాట.

"మార్చు మామా. పెద్దాయన సంతోషపడతాడు."

"కాదప్పా, నువ్వొగసారి వచ్చి చూసుకుంటే మేలు."

"యాడికి వచ్చేది మామా, సాయంత్రానికి ఈడ ఖాళీ చేయాల. రెండంగుళాలు అటో ఇటో అయితే ఏమయితాది. నాయన మాటే నా మాట. కట్టేయ్."

ఇందులో సుధన్వను తిట్టడానికి ఏమీ లేదు. ఆయం దిద్దడమంటే అంగుళాల పని. ఈ సీమలో పుట్టిన ఎవరినడిగినా అదే చెప్తారు. ఆయం కోసం ఇల్లే మారిపోయిందని ఎవరైనా ఎక్కడైనా విన్నారా?

రెండో గేరులో మూలుగుతూ జీపు జమ్మలమడుగు చేరేసరికి ఐదు దాటింది. దారంతా సుధన్వ మనసులో షెడ్డుకు సామాను సర్దుతూనే ఉన్నాడు. చైను పుల్లీ ఏ దూలానికి, గాలి పంపు ఏ మూలకు, నాయనకు మంచినీళ్ల కూజా ఎక్కడ. వీధి మలుపు తిరిగి జీపును నేరుగా సందు ముందుకు తెచ్చాడు. తెచ్చి, ఇంజను ఆపడం మరిచిపోయాడు.

బండలు లేచాయి. చక్కగా, తాడు పట్టినట్టు లేచాయి. అయితే ఇంటి గోడకూ వాటికీ నడుమ నాలుగడుగుల దారి వదిలేసి ఉంది. ఆ అవతల ఒక గది. లోపల ఏడున్నర అడుగుల వెడల్పు, పదకొండు పొడవు. తూర్పున ఒక కిటికీ జాగా. షట్టరు రావలసిన చోట మనిషి పట్టే వాకిలి. దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు కూడా పెట్టారు.

జీపు ముందు చక్రాలు ఆ వాకిలి ముందు నిలిచిపోయాయి.

"నాసిర్ మామా" అన్నాడు సుధన్వ. "ఏంది మామా ఇది?"

నాసిర్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేను ఫోన్ చేస్తి గదప్పా. రమ్మంటి గదా. మావోడు నాకు గది కట్టిస్తాండాడు, బండి పట్టే కొలత పెట్టినారేందిరా, ఒంటి మనిషికి ఇంతెందుకు అన్నాడు సామి. మీరిద్దరూ మాట్లాడుకున్నారేమో అనుకుంటి. నాయన మాటే నా మాట అని నువ్వే అంటివి. మా ఇల్లు ఆయప్ప కొలతే, మా అబ్బ ఇల్లూ ఆయప్ప కొలతే. ఆయప్ప దారం పట్టుకుంటే నేను కాదంటానా?"

ముద్దనూరు బస్సు దిగి వేదవతి అప్పుడే వచ్చింది. చేతిసంచీ భుజం మీంచి తీయకుండానే గదినీ, జీపునూ, మొగుడినీ చూసింది. మెట్టు మీద కూలబడింది.

"శ్రీవిద్యకు ఫోన్ చేసేయండి."

అప్పటికే సుధన్వ ప్రొద్దుటూరు తాళాలు ఇచ్చేశాడు. నారాయణకు ఆదివారమని మాటిచ్చాడు. నెలాఖరుకు మిగిలింది వారం. ఈ గదిలో కారు కాదు, కారు తలుపు కూడా పట్టదు. పోనీ వదిలేసి ఊళ్లో ఇంకెక్కడైనా షెడ్డు చూసుకుంటే, నాయన మళ్లీ పెన్న ఇసుకలోకి పోతాడు. ఈసారి ఎవరూ చూడకపోతే? నిలువునా ఏడుపు తన్నుకొచ్చింది, ఏడవడానికి కూడా టైము లేదనిపించింది. జీపు వెనకకు పోయి సమ్మెట తీశాడు.

"వద్దప్పా, సిమెంటు పచ్చిగా ఉండాది. కొడితే బండలన్నీ పగిలిపోతాయి, ఒక్కటి గూడా పనికి రాదు" అన్నాడు నాసిర్.

"పగలనీ మామా. నా నోట్లో మన్ను పడినాక బండలుంటే ఎంత, పోతే ఎంత."

మొదటి దెబ్బకు వాకిలి పక్క బండ పైమూల విరిగి కింద పడింది. రెండో దెబ్బకు సమ్మెట ఎత్తేసరికి వాకిట్లో నాయన నిలబడి ఉన్నాడు. చేతిలో నూలు దారం ఉండ. ముఖమంతా సున్నం దుమ్ము. కొడుకు వైపు చూశాడు, ఊళ్లోకి కొత్తగా వచ్చినవాణ్ని చూసినట్టు.

"ఎవరప్పా నువ్వు? ఎందుకు పగలగొడతాండావు?"

సుధన్వ చేతులు గాల్లోనే ఆగాయి.

"ఇది నా గది అప్పా. నా కొడుకు కట్టించినాడు, నాకోసమని. నేను ఊరందరికీ కొలతలు పెట్టినా. నాకంటూ ఎవురూ కట్టలే. వాడు కట్టించినాడు." పెద్దాయన భయంతో రెండు చేతులూ బండకు అడ్డం పెట్టాడు. "నీకు ఏం కోపముందో నాకు తెల్దు. వాడొచ్చేదాకా ఆగప్పా. వాడొచ్చి కొట్టమంటే అప్పుడు కొట్టు."

వేదవతి లేచి నిలబడింది. నాసిర్ ఇంకో పక్కకు తిరిగాడు.

సుధన్వ సమ్మెటను భుజం మీదికి దించి అడిగాడు. "యాడికి పోయినాడు మీ కొడుకు?"

"ప్రొద్దుటూరుకు. కార్లు రిపేరు చేస్తాడు. శానా మంచి పనోడు." ముసలాయన ముఖంలో కాస్త ధైర్యం వచ్చింది. "వాడొచ్చేదాకా నేను ఈ వాకిలి దాటను. నేను అట్ల పోతే నువ్వు ఇట్ల పగలగొడతావు. వాడొచ్చినాంక ఇద్దరం మాట్లాడదాం. కూర్చో అప్పా, ఎండన పడి వచ్చినట్టుండావు."

"నేనే నాయనా, నేనే సుధన్వను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. సమ్మెట మెల్లగా కింద పెట్టాడు. వాకిలి ముందు ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. నాయన లోపల నేల మీద, వాకిలికి అడ్డంగా కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరూ వీధి మలుపు వైపే చూశారు. ఆ రాత్రి అన్నం కూడా వేదవతి అక్కడికే తెచ్చి పెట్టింది. ముసలాయన గది వదలలేదు.

పొద్దున్నే వేదవతి బడికి బయలుదేరుతూ మొగుడిని పక్కకు పిలిచింది. "మీరేనని చెప్పి చూడండి. తెలివిలో ఉంటే గుర్తుపడతారేమో."

"గుర్తుపడితే?" అన్నాడు సుధన్వ. "కొడుకు వచ్చేసినాడు గదా అని లేచి పోతాడు."

ఆమె కళ్లు తుడుచుకొని బస్సుకు పోయింది.

సుధన్వ వీధిలోనే, గది వాకిలికి ఎదురుగా జీపుకు జాకీలేసి పైకి లేపాడు. సగం వీధి మూసుకుపోయింది. ఒక స్కూటరు మనిషి ఆగి గొణుగుతుంటే షాహీదాబీ గోడ మీంచి తల పెట్టింది.

"పక్క సందులోంచి పో నాయనా, ఏం అరిగిపోతావా? ఎవరన్నా ఏమన్నా అంటే నన్ను పిలువు సుధన్వా."

గోనెసంచీ పరుచుకొని సుధన్వ జీపు కిందికి దూరాడు. పైన గేరుబాక్సు, నాలుగు బోల్టులు, ముక్కుకు అంగుళం దూరంలో ఆయిలు చుక్క. తల పక్కకు తిప్పితే చక్రాల నడుమ నుంచి వాకిలి కనిపిస్తోంది. వాకిట్లో కుర్చీ, కుర్చీ కింద బొబ్బలు మానిన నాయన పాదాలు. ఎండ పెరుగుతోంది. ఇలా ఎన్నాళ్లో తెలియదు. వానొస్తే ఏం చేయాలో తెలియదు. శ్రీవిద్య ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"అప్పా" అని పిలిచాడు నాయన. "మావోడు వచ్చినాడా?"

సుధన్వ బోల్టు మీద స్పానరు బిగించి పట్టుకున్నాడు.

"ఇంకా రాలేదు సామీ."

"వస్తే ఈ పక్కకు పంపియ్యి. గది చూపించాల."

"అట్లే సామీ."

పాదాలు కదల్లేదు. సుధన్వ మొదటి బోల్టు తిప్పడం మొదలుపెట్టాడు.