రెండున్నర కిలోల వీధులు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, పురపాలక కార్యాలయం జనన నమోదు విభాగంలో, ఒకే పేజీలో తొమ్మిదోసారి ‘రెండు కిలోల ఐదు వందల గ్రాములు’ అని రాసి గుమాస్తా కలం ఆపింది. పేజీకి ఇరవై వరుసలు. ఆ తొమ్మిదింటిలో ఏడింట్లో తల్లి చిరునామా మూడో మంచినీళ్ళ ట్యాంకు కింది నాలుగు వీధులది.

ఊళ్ళో అందరూ ఆమెను రిజిస్టరమ్మ అంటారు. ఇరవై ఏడేళ్ళుగా అదే గది, అదే కిటికీ. ధ్రువపత్రం కోసం వచ్చిన పడుచువాళ్ళెవరైనా గొంతు పెంచితే, “నువ్వు పుట్టావని ముందు నేను రాస్తేనే కదా నాయనా, నువ్వు అరవడానికి వీలైంది” అంటుంది. అరిచినవాడు నవ్వి కూర్చుంటాడు.

ఆసుపత్రి నుంచి ప్రతి సోమవారం చీటీల కట్ట వస్తుంది. బిడ్డ పుట్టిన వేళ, తల్లి వయసు, ఇంటి చిరునామా, పుట్టినప్పటి బరువు. వాటిని ఆమె రిజిస్టరులోకి ఎక్కిస్తుంది. ఎక్కించడమే తప్ప చదవడం ఆ పనిలో భాగం కాదు. ఆ రోజు చదివింది, ఎందుకంటే ఆమె కూతురు మూడో ట్యాంకు కింద రెండో వీధిలో ఉంటుంది. కూతురికి ఎనిమిదో నెల.

రెండున్నర అనే అంకె ఎక్కణ్ణించి వచ్చిందో రిజిస్టరమ్మకు తెలుసు. మూడేళ్ళ కిందట పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. రెండున్నర కిలోలకు తక్కువ పుట్టిన ప్రతి బిడ్డకూ చీటీతో పాటు గులాబీ రంగు ఫారం జత చేయాలి. నాలుగు పేజీలు, మూడు ప్రతులు, ఇంటికి వెళ్ళి వివరాలు రాబట్టాలి. ఆసుపత్రిలో ఒక్కో పూటకు ఇద్దరు నర్సులు. ఫారాలు లేకుండానే చీటీలు వచ్చేవి. రిజిస్టరమ్మ కట్టకు కట్టే వెనక్కి పంపేది. అలా ఆరు వారాలు పంపింది. ఏడో వారం కట్టలో తక్కువ బరువు చీటీ ఒక్కటీ లేదు. ఆ తరవాత కూడా రాలేదు.

ఆ ఏడాది చివర ‘తక్కువ బరువు జననాలు లేని పట్టణం’ అని పై ఆఫీసు ప్రశంసాపత్రం పంపింది. దాన్ని ఆరోగ్యాధికారి తన గదిలో గోడకు తగిలించారు.

మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా విప్పలేదు. బీరువాలోంచి రెండేళ్ళ రిజిస్టర్లు దింపి, ట్యాంకుల వారీగా గీతలు పెట్టుకుంటూ లెక్క వేసింది. మిగతా ఊళ్ళో సరిగ్గా రెండున్నర అని ఉన్నవాళ్ళు ఆరుగురికి ఒకరు. మూడో ట్యాంకు కింద కూడా పోయిన ఏడాది మే దాకా అంతే. జూన్ నుంచి మారింది. ఆ పద్నాలుగు నెలల్లో ఆ నాలుగు వీధుల్లో అరవై ఒక్కమంది పుట్టారు. ముప్పై తొమ్మిది మంది సరిగ్గా రెండున్నర.

ఆమె రెండోసారి లెక్క వేసింది. ముప్పై తొమ్మిదే వచ్చింది.

మూడింటికి ఆసుపత్రికి నడిచింది. కాన్పుల వార్డు పెద్ద నర్సు ఆమెకు పాతికేళ్ళ స్నేహితురాలు. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. నర్సు దుప్పట్లు లెక్కపెడుతోంది.

“ఏం వదినా, ఎండలో పడి వచ్చావు? చీటీల్లో మళ్ళీ ఏ ఒత్తు తప్పిందేమిటి?”

“ఒత్తులు బాగానే ఉన్నాయి. మీ తూకమే బాగాలేదు. ఊళ్ళో పిల్లలంతా అచ్చులో పోసినట్టు రెండున్నర ఎలా పుడుతున్నారు?”

నర్సు దుప్పటి మడత ఆపలేదు. “నువ్వే కదా నేర్పావు.”

“నేనా?”

“ఆరు వారాలు కట్టలు మొహాన కొట్టావు. పక్కన కాన్పు నొప్పులు, చేతిలో నాలుగు పేజీల ఫారం. ఏ చెయ్యితో ఏది పట్టుకోమంటావు? రెండు నాలుగు వందలు ఉంటే రెండున్నర అన్నాం. వంద గ్రాములే కదా అనుకున్నాం. తరవాత రెండు మూడు వందలకీ అదే అన్నాం. తరవాత అన్నిటికీ అదే.”

“అన్నిటికీ అంటే?”

నర్సు వార్డు తలుపు దగ్గరికి వేసి, మందుల అలమారాలోంచి అట్ట ఊడిన నోట్‌బుక్ తీసింది. దాన్ని వార్డులో పాల పుస్తకం అంటారు. బిడ్డకు ఎన్ని మిల్లీలీటర్ల పాలు, ఎన్ని చుక్కల మందు అనేది బరువును బట్టి ఉంటుంది కాబట్టి, అందులో అసలు బరువు రాస్తారు.

“ఇందులో మాత్రం అబద్ధం రాయం వదినా. ఇక్కడ తప్పు రాస్తే బిడ్డ పోతుంది.”

రిజిస్టరమ్మ తను రాసుకొచ్చిన తేదీలు, చిరునామాలు పక్కన పెట్టుకుని పాల పుస్తకం తిప్పింది. రెండు నూట యాభై. ఒకటి తొమ్మిది వందల ఇరవై. రెండు డెబ్భై. ఒకటి ఎనిమిది వందలు. ముప్పై తొమ్మిది మందిలో ముప్పై నాలుగు మందికి పుస్తకంలో రెండున్నర కంటే తక్కువ ఉంది. పదకొండు మందికి రెండు కిలోలు కూడా లేవు.

“ఇన్ని నెలలు రాస్తూ నీకు అనుమానం రాలేదా?”

“ఇక్కడికి వచ్చేసరికి అందరూ ఒకటే తలుపులోంచి వస్తారు. ఎవరు ఏ వీధో చీటీ మీద రాస్తాం, నీ దగ్గరికి పంపిస్తాం. వీధులు నీ దగ్గర, బరువులు నా దగ్గర. గుడ్డివాడూ కుంటివాడూ కలిసి నడవలేదు, అంతే.”

రిజిస్టరమ్మ ఆ బరువులన్నీ చిరునామాలతో సహా మూడు కాగితాల మీద ఎత్తి రాసుకుంది. గంటన్నర పట్టింది. కింద సంతకం పెట్టమంది. నర్సు పెన్ను ముట్టుకోలేదు.

“పెడితే మూడేళ్ళు తప్పుడు చీటీలు పంపానని ఒప్పుకున్నట్టే. ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. కావాలంటే తిట్టు, పడతాను. సంతకం మాత్రం అడక్కు.”

బుధవారం ఉదయం పది గంటలకు ఆరోగ్యాధికారి ఆ మూడు కాగితాలూ చూశారు. ఆయన రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సంతకం లేదేమిటమ్మా?”

“లేదు సార్.”

“మీ రిజిస్టరు ప్రకారం ఆ వీధుల్లో బలహీనంగా పుట్టిన బిడ్డ ఒక్కరూ లేరు. రికార్డు అదే. ఈ కాగితాలు పట్టుకుని ఆ ట్యాంకు నీళ్ళు ఆపితే, రేపు పదకొండు వందల ఇళ్ళవాళ్ళు బిందెలతో నా గుమ్మం ముందు కూర్చుంటారు. వాళ్ళకి ఏం చూపించను?”

“నీళ్ళే కారణమని నేను అనలేదు సార్.”

“మరి?”

“నాలుగు వీధులకీ కలిసింది ట్యాంకు ఒక్కటే. పక్క ట్యాంకు వీధి ఎదురుగానే ఉంది. మధ్యలో రోడ్డు ఒక్కటే అడ్డం. అక్కడ పిల్లలు మూడు కిలోలు పుడుతున్నారు.”

ఆయన నమూనా తీయించి పరీక్షకు పంపుతానన్నారు. ఫలితానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. ఈలోగా రికార్డు దిద్దాలంటే ఆసుపత్రి నుంచి సంతకంతో కాగితం రావాలి. అది ఆమెకు తెలిసిన నియమమే. ఇరవై ఏడేళ్ళుగా కిటికీ దగ్గర అందరికీ ఆమె చెప్పే నియమమే.

“మీ అమ్మాయి అక్కడే ఉంటుంది కదూ?” అన్నారాయన. “ముందు ఆ పిల్లని తీసుకొచ్చేయండి.”

“మిగతావాళ్ళ అమ్మాయిల్ని, సార్?”

ఆయన ఫోను అందుకున్నారు.

సాయంత్రం ఆరింటికి ఆమె కూతురింటికి వెళ్ళింది. కూతురు వంటింట్లో స్టూలు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. అల్లుడు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. మూడో ట్యాంకు పంపు ఆపరేటరు అతనే.

“ఈ నెల ఎంత పెరిగావే?” అంది రిజిస్టరమ్మ.

“వచ్చీ రాగానే తూకమా? కూరగాయల కొట్టు పెట్టావా అమ్మా?”

“చెప్పు.”

“పెరగలేదు. పోయిన నెల ఎంతో ఇప్పుడూ అంతే. డాక్టరమ్మ బాగా తినమంది. ఇంకెంత తినను, నన్ను చూసి ఈయన తన కంచం దాచుకుంటున్నారు.”

రిజిస్టరమ్మ నవ్వలేదు. గ్లాసు వైపు చూసింది. మజ్జిగలో కలిపిన నీళ్ళు ఏ బిందెలోవో చూసింది. తరవాత అల్లుణ్ణి అడిగింది. “బాబూ, మీ ట్యాంకుకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి?”

“బోరు నుంచి అత్తయ్యా.”

“ఏ బోరు?”

అతను చొక్కా తీయబోతూ ఆగాడు. “పాత బోరు ఎండిపోయింది కదా. బ్యాటరీ షెడ్ల వెనక బోరు కలిపారు.”

ఆ షెడ్లలో ఒకప్పుడు బండ్ల పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవారు. మూతపడి రెండేళ్ళయింది. ఆ మడ్డి పోసిన నల్ల గుంటలు మాత్రం ఎవరూ పూడ్చలేదు.

“ఎప్పుడు కలిపారు?”

“పోయిన ఏడాది ఫిబ్రవరి పదకొండు. లాగ్ పుస్తకంలో నేనే రాశాను. ఎందుకలా అడుగుతున్నారు? నేనేదో విషం కలిపినట్టు. ఆ నీళ్ళే నేనూ తాగుతున్నాను. మీ అమ్మాయి కంటే రెండు గ్లాసులు ఎక్కువే.”

“నిన్ను అనలేదు బాబూ.”

“అనక్కర్లేదు. వాల్వు తిప్పేది నేను. ఊళ్ళో ఏది పారినా నా చేతి మీదుగానే పారుతుంది.”

జూన్‌లో పుట్టినవాళ్ళు కడుపులో నాలుగు నెలలు ఆ నీళ్ళ మీదే ఉన్నారని లెక్క వేసుకుని, ఆమె మూడు కాగితాలూ బల్ల మీద పెట్టింది. అతను నిలబడే చదివాడు. చిరునామాలు చూసి, “ఇది మా పక్కింటి బాబు” అన్నాడు. కాసేపటికి, “ఇది మా ఫిట్టరు కూతురు” అన్నాడు. కూతురు గ్లాసు కింద పెట్టింది.

ఆ రాత్రే కూతురు తల్లి ఇంటికి వచ్చేసింది. ఎనిమిది నెలలు తాగాక రెండు రోజులు మానితే ఏమవుతుందో రిజిస్టరమ్మకు తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత మంట తగ్గుతుందేమో అనుకుంది.

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు కూతురికి నొప్పులు మొదలయ్యాయి. చెప్పిన తేదీకి ఇంకా అయిదు వారాలుంది. మధ్యాహ్నం ఒంటిగంట నలభై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినపడటానికి కొంత సమయం పట్టింది. ఎంత సమయమో తలుపు బయట నిలబడ్డ రిజిస్టరమ్మ లెక్కపెట్టలేదు.

పెద్ద నర్సే తూచింది. తలుపు కొంచెం తీసి పిలిచింది.

“వదినా, ఒకటి తొమ్మిది వందల అరవై.”

“ఊపిరి?”

“తీసుకుంటోంది. వెచ్చటి పెట్టెలో పెట్టాం.” నర్సు చేతిలో చీటీ ఉంది. బరువు గడి ఖాళీగా ఉంది. “ఏం రాయను?”

“ముల్లు ఎక్కడ ఆగితే అది రాయి.”

నర్సు రాసింది. తరవాత చేయి చాచింది. “ఆ మూడు కాగితాలు నీ సంచిలోనే ఉన్నాయిగా? ఇటివ్వు.”

ఒక్కో కాగితం కిందా సంతకం పెట్టి, తేదీ వేసి, వార్డు ముద్ర కొట్టింది. పక్కన పాల పుస్తకం పేజీ నంబర్లు కూడా రాసింది. “ఆరేళ్ళ సర్వీసు పోతే నీ ఇంట్లో కూర్చుని తింటాను, చెప్తున్నా” అంది. ఆమె గొంతులో నవ్వు లేదు.

రిజిస్టరమ్మ అక్కడే బల్ల మీద ఉత్తరం రాసింది. చీటీలు వెనక్కి పంపింది తానేనని, బరువులు మార్చడం అందువల్ల మొదలైందని, అరవై ఒక్క నమోదుల్లో ముప్పై నాలుగు దిద్దాలని, ఆ నీటి సరఫరా ఈ రోజు నుంచే ఆపాలని. పదకొండు వాక్యాలు. నాలుగు గంటల పది నిమిషాలకు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది. ఆరోగ్యాధికారి సమావేశంలో ఉన్నారు. కాగితం ఆయన బల్ల మీద పెట్టారు.

అల్లుడు కూతుర్నీ బిడ్డనూ చూసి అయిదింటికి డ్యూటీకి వెళ్ళాడు. సాయంత్రం నీళ్ళు వదిలే వేళ అయిదున్నర. ఆ వేళకు అతను మూడో ట్యాంకు వాల్వు తిప్పలేదు. పంపు గదికి తాళం వేసి మెట్ల మీద కూర్చున్నాడు.

ఆరింటికి నాలుగు వీధుల ఆడవాళ్ళు బిందెలతో ట్యాంకు దగ్గరికి వచ్చారు. అతను చెప్పాడు. కొందరు విన్నారు. “మీ బిడ్డ కోసం మా పిల్లలు దాహంతో చావాలా?” అని ఒకామె అడిగింది. ఆమె చంకలో బిడ్డ ఉంది. ముప్పై నాలుగులో ఆ బిడ్డ ఒకటో కాదో అతనికి తెలియదు. ఇంకొకామె, “నా కాగితం ఉందా అందులో, చూసి చెప్పు అన్నా” అంది. కాగితాలు అతని దగ్గర లేవు.

ఆరు నలభైకి ఆఫీసు నుంచి జీపు వచ్చింది. అందులో ఇంకో ట్యాంకు ఆపరేటరు, తాళం పగలగొట్టే సుత్తి, అల్లుణ్ణి తాత్కాలికంగా విధుల నుంచి తప్పించినట్టు కాగితం ఉన్నాయి. కింద ఆరోగ్యాధికారి సంతకం లేదు. ఆయన పై అధికారిది ఉంది.

రిజిస్టరమ్మ అప్పుడు ఆసుపత్రిలో, వెచ్చటి పెట్టె అద్దం ముందు నిలబడి ఉంది. అల్లుడు ఫోను చేసి జరిగింది చెప్పాడు.

ఏడుంబావుకు నాలుగు వీధుల్లోనూ కుళాయిల్లో నీళ్ళు వచ్చాయి.