ముత్తెన్న దవడల తెల్లమచ్చ

ప్రియ రెండేండ్లు హైదరాబాద్‌ల చదివి డెంటల్ హైజీనిస్ట్ అయింది. ఆర్మూర్ల ఆ మాట ఎవ్వలకు నోరు తిరగదు. కొందరు నర్సమ్మ అంటరు, కొందరు కాంపౌండర్ అంటరు. మార్కెట్ యార్డుల పసుపు బస్తాలు మోసే వాళ్ళ నాయిన యాకోబు మాత్రం "మా బిడ్డ పండ్ల డాక్టర్" అని చెప్పుకుంటడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా ఇనడు.

డాక్టర్ లోకేశ్ పండ్ల దవాఖాన్ల ఆమె పని. గార గీకి తీసుడు, చిగుళ్ళు చూసుడు, బ్రష్ పట్టే తీరు నేర్పుడు. లోకేశ్ పదకొండు గంటలకు వస్తడు. ముందుగాల అద్దంల జుట్టు సదురుకుంటడు, తర్వాత ఫోన్ల రీల్ తీసుకుంటడు, టైం మిగిలితే పేషెంట్లను చూస్తడు. "నవ్వితే ఊరు ఊరంత ఆగాలె" అనేది ఆయన డైలాగ్. ఆ రీల్స్‌ల మెరిసే పండ్లన్నీ ప్రియ గీకినయే.

సర్పంచ్ ఎలక్షన్లు దగ్గరికొచ్చేసరికి దవాఖాన నిండిపోయింది. నిలబడేటోళ్ళందరికీ ఫ్లెక్సీల మీద తెల్ల పండ్లు గావాలె. అట్లనే ఒకరోజు ముత్తెన్న వచ్చిండు. అంకాపూర్ అవతల ఊరు ఆయనది. పసుపు, మక్క పండించే పెద్ద రైతు. ఊర్ల ఏ పంచాయితీ అయినా ఆయన గొంతే ఇనవడుతది. ఎనుక భార్య భీమవ్వ, చేతుల ఆయన తువ్వాల పట్టుకొని.

"ఎలక్షన్ల నిలబడుతున్నరా సార్?" అని అడిగింది ప్రియ.

"నేను గాదు, ఇగో ఈమె" అన్నడు ముత్తెన్న, భీమవ్వ దిక్కు బొటనవేలు చూపెట్టి. "లేడీస్ రిజర్వేషన్ వచ్చింది గద."

"మరి పండ్లు మీయి తెల్లగ చెయ్యాల్నా?"

"ఫ్లెక్సీ మీద పెద్ద ఫోటో నాదే గద. ఆమెది మూలకు చిన్నగ పెడ్తరు. ఆమె నవ్వకున్నా నడుస్తది."

భీమవ్వ నిజంగనే నవ్వలె.

"పసుపు నడుమ బతికేటోని పండ్లు పచ్చగ గాక ఏమైతయ్" అనుకుంట ముత్తెన్న కుర్చీల ఒరిగిండు. ప్రియ లైటు ఏసి చూసింది. పసుపు చేసిన తప్పేం లేదు. అది ఇరవై ఏండ్ల గుట్కా రంగు.

"నోరు మొత్తం తెరువుండ్రి సార్."

"తెరిచిన."

"ఇంక జర."

"ఇంతే తెరుసుకుంటది."

మంచిగున్న నోట్ల మూడు వేళ్ళు నిలువుగ పడ్తయ్. ఆయన నోట్ల రెండే పట్టినయ్. "కారం తింటె మండుతదా?" అని అడిగింది ప్రియ.

"ఏడాది సంది కూరల కారం ఎయ్యనిస్తలేడు" అని భీమవ్వ జవాబిచ్చింది.

ముప్పావుగంట గీకినంక గార వదిలింది. ఆ తర్వాత ప్రియ చిన్న అద్దం పెట్టి ఎడమ దవడ లోపల చూసింది. ఆయన గుట్కా కుక్కుకునే జాగల గోరంత తెల్లమచ్చ, నడుమ ఎర్రటి చుక్కలు. దూదితోని తుడిచింది, పోలె. గట్టిగ తుడిచింది, అయినా పోలె. గసొంటి ఫోటోలు చదువుకునేటప్పుడు పుస్తకంల చూసింది. ఆ ఫోటోల తర్వాతి పేజీలల్ల ఏముంటదో గుడ చూసింది.

లోకేశ్‌ను పిలిచింది. ఆయన ఒక చేతుల ఫోన్ పట్టుకొనే దవడలకు తొంగి చూసిండు. "మరక. వైటెనింగ్ చేస్తే పోతది."

"తుడిస్తే పోతలేదు సార్. ముక్క తీసి టెస్టుకు పంపిస్తే..."

లోకేశ్ ఆమెను ఎక్స్‌రే అర్రలకు తీస్కపోయిండు. కోపమొస్తె ఆయన గొంతు మస్తు మెత్తగైతది. "నువ్వు హైజీనిస్ట్‌వి. గార గీకు. రోగం పేరు చెప్పుడు నా పని."

"నేను పేరు చెప్తలేను సార్. మీరే చెప్పుండ్రి. మరక అని మాత్రం అనకుండ్రి."

"ఎలక్షన్ ముంగట మనిషిని బెదిరిస్తె రేపు ఆ ఊరికెల్లి ఒక్కడు గుడ రాడు. తెల్సిందా?"

తెల్సింది. అయినా ఆమె వాపస్ పోయి, గ్లౌజులు తీసుకుంట ముత్తెన్నకు చెప్పింది. "సార్, మీ దవడల ఒక మచ్చ ఉంది. అది ఏందో నాకు తెల్వది. తెల్వది గాబట్టే చెప్తున్న. ఈ వారంలనే నిజామాబాద్ల పెద్ద డాక్టర్‌కు చూపెట్టుండ్రి. గుట్కా ఇయ్యాల్నే బంద్ పెట్టుండ్రి."

ముత్తెన్న లేచి కూసున్నడు. "నువ్వు హమాలీ యాకోబు బిడ్డవు గద?"

"ఔ సార్."

"మీ నాయిన నా బస్తాలు మోస్తడు. నువ్వు నాకు రోగం మోసుకొచ్చినవా? ఎవడు పంపిండు నిన్ను? భూమేష్ గాడేనా?"

భూమేష్ భార్య గుడ అదే సర్పంచ్ సీటుకు నిలబడుతున్నది.

"ఆ మచ్చ భూమేష్ పెట్టలె సార్. మీ గుట్కా పెట్టింది" అన్నది ప్రియ.

లోకేశ్ ఉరికొచ్చిండు. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి పటేల్, కొత్త పిల్ల" అనుకుంట పండ్లకు వైటెనింగ్ మందు రాసి, లైటు పెట్టి, ఆఖరికి ముత్తెన్న భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగిండు. ఆ పిల్ల అక్కడ మూడేండ్ల సంది పనిచేస్తున్నది. భీమవ్వ మాత్రం బయటికి పోయేటప్పుడు తువ్వాల మడత పెట్టుకుంట ప్రియ దిక్కు ఒకసారి చూసింది.

సంగతి ప్రియ కన్న ముందు ఇల్లు చేరింది. "పెద్దోళ్ళ నోట్ల చెయ్యి పెట్టుడు నీ పని బిడ్డా, గాళ్ళ నోటికి అడ్డం పోవుడు గాదు" అని యాకోబు మొత్తుకున్నడు. ప్రియకు బువ్వ దిగలె. చెప్పినందుకు గాదు. మచ్చ నిజంగనే చెడ్డది కావాలె, అప్పుడు తెలుస్తది వీళ్ళకు అని ఒక్క క్షణం అనుకున్నది. గట్ల అనుకున్నందుకు సిగ్గుపడ్డది.

ఫ్లెక్సీలు లేసినయ్. ఫ్లెక్సీ షాపోడు కంప్యూటర్ల అందరి పండ్లు ఊరికెనే తెల్లగ చేసిండు. ముత్తెన్న పక్కన కార్యకర్తలవి గుడ ముత్యాల లెక్క మెరిసినయ్.

నామినేషన్ల మొదటి రోజు కాగితాలన్నీ టేబుల్ మీద పెట్టి ముత్తెన్న పెన్ను అందించిండు. "సంతకం పెట్టు."

"పెట్ట" అన్నది భీమవ్వ.

"ఏమైంది నీకు?"

"ముందుగాల నిజామాబాద్ పోదాం."

"ఎలక్షన్ అయినంక పోదాం తియ్యి."

"నిలబడేది నేనా, నువ్వా?"

చుట్టూ ఇరవై మంది ఉన్నరు. ముత్తెన్న అందరి మొఖాలు చూసిండు. ఒక్కడు గుడ సాయానికి రాలె. "నువ్వే" అన్నడు ఆఖరికి.

తెల్లారి పోయిండ్రు. అక్కడి డాక్టర్ మచ్చల ముక్క తీసి టెస్టుకు పంపిండు. ఆ రిపోర్ట్ తన చేతికే ఇస్తమని వాళ్ళు మాటిచ్చినంకనే, నామినేషన్ల ఆఖరి రోజు, భీమవ్వ సంతకం పెట్టింది. రిపోర్ట్‌ల క్యాన్సర్ అని వచ్చింది, గని అప్పుడే మొదలైంది. హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసి మచ్చ ఉన్న జాగంత కోసేసిండ్రు. ఇంకో ఆరు నెలలైతే దవడనే పోతుండె అన్నరు.

కుట్లు మానేదాక మాట్లాడొద్దన్నరు. ఊర్ల ముప్పై ఏండ్ల సంది ఆగని గొంతు ఎలక్షన్ల టైంల ఆగింది. దాంతోని భీమవ్వనే ఇల్లిల్లు తిరిగింది. మోరీల గురించి, నల్లాల గురించి మాట్లాడింది. ఆమెకు మాటలొస్తయని ఊరికి అప్పుడే తెల్సింది. మచ్చ సంగతి గుడ దాయలె. ఎవరు పట్టిండ్రో, ఎవరు మరక అన్నరో ప్రతి గడప కాడ చెప్పింది. గెలిచింది.

లోకేశ్ ఊకుంటడా? "నా ఒక్క చూపు, ఒక నిండు ప్రాణం!" అని రీల్ చేసిండు. ఫోన్ పట్టుకొని తీసింది ప్రియనే. లైటు మంచిగ పడలేదని మళ్ళ తీయమన్నడు.

"సార్, ఆ రోజు మరక అన్నరు గద, ఆ ముక్క గుడ చెప్తరా?" అని ఫోన్ ఎనుకకెల్లి అడిగింది.

"కట్ చెయ్" అన్నడు లోకేశ్.

కట్ చేసింది. మొదటిసారి తీసిందే పెట్టుకున్నడు. పొద్దుగూకేసరికి దానికింద ఆ ఊరోళ్ళ కామెంట్లు నిండినయ్. "మరకకు ఆపరేషన్ ఎందుకు చేసిండ్రు సారు?" అని ఒకడు అడిగిండు. రీల్ పోయింది. ప్రియ కొలువు పోలె, ఎందుకంటె మరునాడు గార గీకేటందుకు పదకొండు మంది ఉన్నరు.

సర్పంచ్ అయినంక భీమవ్వ దవాఖానకొచ్చి సక్కగ ప్రియ కాడికి పోయింది. "ఐతారం మా పంచాయితీ ఆఫీసుకు వస్తవా బిడ్డా? మొగోళ్ళ నోర్లు చూడాలె."

"నేను ఒక్కదాన్నే చేసేది గాదు పెద్దమ్మా. డాక్టర్ ఉండాలె."

"అయితే ఆయన్ని గుడ తోలుకరా."

లోకేశ్ తన ఫోటో ఉన్న బ్యానర్ తోని వచ్చిండు. గోడ మీద జాగ లేదన్నది సర్పంచ్. కరెంట్ పోయింది. ప్రియ చూస్తుంటె ఆయన టార్చ్ పట్టిండు. నిజం చెప్పాలంటె ఆ రోజు ఫోన్ పక్కకు పెట్టి, ప్రియ చూపెట్టిన ప్రతి మచ్చను ఆయన గుడ దగ్గరికి వంగి చూసిండు. ముత్తెన్న లైన్ సదురుతున్నడు. ప్రియకు తప్పైందని చెప్పలె. కుర్చీ జరిపి, వంకరపోయిన మూతితోని "కూసో మేడం" అన్నడు. అంతవరకే.

తొమ్మిది మందికి నిజామాబాద్ పొమ్మని చీటీలు రాసిచ్చిండ్రు. ఆరుగురు మడిచి జేబుల పెట్టుకున్నరు. మిగిలిన ముగ్గురు ఆఫీసు ఎనుక గోడ కాడికి పోయి, ఫికర్ పోతదని గుట్కా పొట్లాలు చింపుకున్నరు. భీమవ్వ కిటికీలకెల్లి చూసింది. మూలకున్న కట్టె తీసుకొని అటు దిక్కు నడిచింది.