హార్డ్‌లీ కొట్టింది

థాయ్ సరిహద్దు శరణార్థి శిబిరంలో కరెన్ పిల్ల ఎపో చదివిన బడిలో పంతులమ్మ ఒక కిటుకు చెప్పింది. ఇంగ్లీషు మాట చివర 'లీ' తగిలిస్తే పని ఎలా జరిగిందో చెప్పినట్టేనట. స్లో, స్లోలీ. లౌడ్, లౌడ్‌లీ. ఎపోకి అది నోటికి పట్టేసింది. ఆ ఇంగ్లీషు పుణ్యమా అని మలేసియాలోని పినాంగ్‌లో ఇంటిపని దొరికింది.

యజమానురాలు మిసెస్ చియాకి కోపమొస్తే చేతికి బట్టల హ్యాంగరు వచ్చేది. ముఖం జోలికి పోదు; వీపూ, తొడలూ. కూర మాడినా కొట్టేది, మాడకపోయినా కొట్టేది. ఒక ఆదివారం చర్చికని బయటపడ్డ ఎపో తిన్నగా తనను పనిలో పెట్టిన ఏజెన్సీకి వెళ్లింది.

ఏజెన్సీ నడిపే గైక్ లూన్ చెడ్డ మనిషి కాదు. కూర్చోబెట్టి తాగడానికి వేడిగా మైలో కలిపి ఇచ్చింది. ఆవిడది హొక్కియన్ భాష, ఎపోది కరెన్. ఇద్దరి మధ్యా ఇంగ్లీషే దిక్కు.

"ఎలా కొడుతోంది? సరిగ్గా చెప్పు. ఊరికే ఒకరి మీద నింద వేయకూడదు."

గట్టిగా అని చెప్పాలి. గట్టి అంటే హార్డ్. ఎపో జాగ్రత్తగా 'లీ' తగిలించింది.

"హార్డ్‌లీ, ఆంటీ. మేడమ్ బీట్ మీ హార్డ్‌లీ."

గైక్ లూన్ ముఖం తేటపడింది. "హార్డ్‌లీయేనా?"

"ఎప్పుడూ హార్డ్‌లీయే. దేవుడి మీద ఒట్టు."

"ఈ మాత్రానికేనా ఇంత దూరం వచ్చావు, పిచ్చిపిల్లా?"

ఎపో లేచి వీపు మీది బట్ట ఎత్తబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దమ్మా. నువ్వే చెప్పావుగా." తన కార్లోనే తీసుకెళ్లి మిసెస్ చియాకి అప్పగించి, నవ్వుతూ వెళ్లిపోయింది. తలుపు పడింది. ఆ పూట హ్యాంగరు విరిగింది.

పక్క ఫ్లాట్‌లో పనిచేసే లిగాయా, మర్నాడు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఎపో నోట ఇదంతా విన్నది.

"ఏమన్నావూ? హార్డ్‌లీ అన్నావా? ఓసి నా చెల్లీ, హార్డ్‌లీ అంటే కొట్టీ కొట్టనట్టు. అసలు కొట్టలేదన్నట్టే."

"కాదక్కా. స్లోలీ అంటే మెల్లగానే కదా."

"అది వేరు, ఇది వేరు. ఎందుకని నన్నడక్కు."

తడి దుప్పటి ఎపో చేతిలోంచి జారిపోయింది. లిగాయా అక్కడికక్కడే ఏజెన్సీకి ఫోన్ చేసింది.

"ఒట్టేసి మరీ చెప్పిందమ్మా ఆ పిల్ల," అంది గైక్ లూన్. "ఇప్పుడు నువ్వు దానికి మాటలు నేర్పకు."

అంతటితో సరి. ఫోన్ సంగతి మిసెస్ చియా దాకా వెళ్లింది; ఎపో చర్చికి వెళ్లడం ఆగిపోయింది. బాల్కనీ తలుపుకి తాళం పడింది.

కొన్నాళ్లకు లిఫ్టులో లిగాయాకి మిసెస్ చియా, ఎపో ఎదురయ్యారు. "ఎలా ఉన్నావే?" అని ఎపోని అడిగింది.

ఎపో నోరు తెరిచింది. వచ్చిన ప్రతి మాటా అనుమానంగానే తోచింది. ఏది ఎటు తిరిగి కాటేస్తుందో.

"బాగానే ఉంది," అంది మిసెస్ చియా, దాని భుజం మీద చెయ్యి వేసి.

లిఫ్టు ఆగింది. ఎపో సంచులు ఎత్తుకుని ఆమె వెనకే దిగింది.