రాగి వాషరు

ఆ పొద్దున మబ్బులు ఒక్కచోట నిలవలేదు. దక్షిణం దిక్కు నుంచి చీలికలు చీలికలుగా వచ్చి, పాలకొండల మీద కాసేపు తారాడి, చినుకు రాల్చకుండానే చెదిరిపోయినాయి. రోహిణి కార్తె. కింద ఆకు కదలదు. పైన మాత్రం ఒకటే పరుగు.

నేను బండి తీసే ప్రతి పొద్దూ మా నాగక్క కంటికి కనపడకుండా ఉంటుంది. ఆమె మొగుడు పోయి తొమ్మిదేళ్లు. బయలుదేరేటప్పుడు ఎదురు రాకూడదని మా అమ్మ మాట. ఆ దినం అక్క కూడా బండిలో రావాల కాబట్టి, నేను వాకిట్లోకి రాకముందే పెరటి దారిన పోయి వెనక చెనక్కాయ మూటల నడుమ కూర్చునింది.

కడప పెద్దాసుపత్రిలో ఆడవాళ్లకు కాన్పులు చేసే పని నేర్పిస్తారని తెలిసి అక్క తనే అర్జీ రాసింది. ఐదో తరగతి చదివింది. జవాబు వచ్చింది. ఆ దినం పదకొండు గంటలకు పేరు పిలిచినప్పుడు పలక్కపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మళ్లీ పిలుస్తామన్న మాట ఆ కాగితంలో లేదు.

నా బండి యుద్ధం తర్వాత మిలిటరీ వాళ్లు వేలం వేసిన చిన్న లారీ. దాని పెట్రోలు ఇంజను తీసేసి డీజిలుది పెట్టించినాను. ఇంజను పెద్దది, చోటు చిన్నది. బానెట్టు ఎత్తితే ఏ పక్కా చెయ్యి సరిగా దూరదు. మా ఊర్లో రిపేరు చేసేవాళ్లు లేరు. విప్పేదీ బిగించేదీ అంతా నేనే.

గువ్వలచెరువు కనుమ మొదట్లో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది.

మూటల మీద నుంచి బొజ్జన్న దిగినాడు. చెనక్కాయలు ఆయనవే. "నీ బండి నా రెండో పెండ్లాం మాదిరి తిమ్మప్పా. కనుమ కనపడితే చాలు, పుట్టింటికి పోతానంటాది."

"రవ్వంత ఊరకుండు మామా."

రాయచోటి నుంచి కడపకు పోయే బస్సు మా వెనకే వచ్చింది. చెయ్యెత్తినాను. టాపు మీద కూడా జనం. ఆపకుండా దుమ్ము పోసి పోయింది. ఇంకొక బస్సు మధ్యాహ్నం దాకా లేదు.

ఏం పోయిందో నేను వెతకనక్కర లేదు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఇంజను పక్కన చిన్న పంపుకు బోల్టుతో బిగిసి ఉంటుంది. ఆ బోల్టుకు వేసిన రాగి వాషరు అరిగింది. అక్కడ డీజిలు కారుతుంది, గాలి లోపలికి పోతుంది. గాలి దూరితే డీజిలు ఇంజను తిరగదు. నాలుగు దినాల నాడే చూసి, దారానికి బట్టల సబ్బు రాసి బోల్టు చుట్టూ వదులుగా చుట్టి వదిలేసినాను. డీజిలుకు సబ్బు ఆగుతుంది గానీ ఆ పొద్దు ఎండకు, కనుమ ఎక్కుడుకు ఆగలేదు.

వాషరు మార్చాలంటే బ్యాటరీ పెట్టె, స్టీరింగు కడ్డీ విప్పాల. సగం దినం పని. తీరిక లేదనుకున్నాను. అది ఒక్కటే కాదు. అక్క పోతే అమ్మను ఎవురు చూస్తారు, పాలు ఎవురు పిండుతారు అని ఇంట్లో దినమూ మాటే. పో అని నేను అనలేదు, వద్దనీ అనలేదు. బండి తనంతట తాను ఆగితే నేను ఏమీ చెప్పనక్కర లేదు గదా అన్న ఆలోచన ఒకసారి వచ్చి పోయింది. వచ్చిన మాట నిజం.

రేకు డబ్బాలో పాత వాషరు ఒకటి దొరికింది. గట్టిపడి ఉంది. కంపపుల్లలు ముట్టించి దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేసినాను. రాగి అట్లా మెత్తబడుతుంది. పానాతో పై నుంచి బోల్టు వదులు చేసినాను గానీ, దాన్ని తీసి వాషరు వేసేదానికి చెయ్యి దూర్చితే మోచేతి దగ్గర పట్టేసింది. ఇంజను ఇంకా కాలతాంది. బలవంతంగా లాగితే తోలు లేచింది. రెండోసారీ అంతే. ఎండ బండి నీడను చక్రాల కిందికి తోస్తాంది. కూర్చోలేను, నిలబడలేను.

"పొద్దెంతయి ఉంటాది మామా?"

"తొమ్మిది దాటిండాది. ఆమె యాడికీ పోదులేప్పా. పురిటింట్లోకి బొట్టు లేని మనిషిని ఎవురు రానిస్తారు?"

అక్క అంతసేపూ బండి వెనకనే, ముందరికి రాకుండా నిలబడి ఉండింది. ఇప్పుడు వచ్చింది.

"చెయ్యి తియ్యి. నేను పెడతా."

"నాగమ్మా, ముందరికి రావాకు. ఇంకా కనుమ ఎక్కాల," అన్నాడు బొజ్జన్న.

"ఎక్కితే గదా మామా," అనింది.

కొంగు నడుముకు చెక్కి, చెయ్యి భుజం దాకా దించింది. ఆ సందులో అడ్డం పడేదానికి ఆ చేతికి గాజులు లేవు. అది చూసి నేను తల తిప్పుకున్నాను.

"నాకేం తగలాల?"

"గొట్టం మొదట్లో చింతగింజంత బోల్టు."

"వదులుగా ఉండాది. వచ్చె."

బోల్టుకున్న వాషరు ఆమె వేళ్ల నడుమ పైకి వచ్చింది. ఒకపక్క కాగితం మాదిరి అరిగి ఉంది. నేను కాల్చినది ఆమె వేలి కొసకు తొడిగినాను. చెయ్యి మళ్లీ పోయింది. ఆమె కండ్లు కొండ మీదున్నాయి గానీ చూపు వేళ్లలో ఉంది.

"వాకిట్లో నాలుగు దినాలుగా డీజిలు కారతాంది," అనింది మెల్లగా. "పేడతో అలికితి. నువ్వు మారుస్తావని చూస్తి."

బొజ్జన్న బీడీ తీసి, ముట్టించకుండానే చెవి సందున పెట్టుకున్నాడు.

బోల్టు బిగించినాము. ఇక లోపలి గాలి పోవాల. "పంపు కింద నాలిక మాదిరి ఊగేదొకటి ఉంటాది. దాన్ని నొక్కతా ఉండు," అన్నాను. పైన ఇంకొక మర నేను వదులు చేసినాను. ఆమె నొక్కే కొద్దీ నురగ వచ్చింది. నలభై, యాభై నొక్కులు. ఆమె మెడ మీద చెమట కాలువ కట్టింది. నురగ తగ్గి బుడగలు, ఆనక బుడగ లేని డీజిలు. మర బిగించినాను.

బ్యాటరీలో ఒకటి రెండు తిప్పులకే సత్తువ ఉంది. మొదటి తిప్పుకు మూలిగింది. రెండో దానికి అందుకునింది.

అక్క వెనక్కి పోబోయింది. నేను పక్క తలుపు తీసినాను. ముందర ఎక్కి కూర్చునింది.

కనుమ మలుపుల్లో ప్రతిచోటా ఇంజను చప్పుడు వింటా, అది మారిందేమోనని కనిపెట్టుకుంటా నడిపినాను. కడపలో మొదట ఆసుపత్రికే పోనిచ్చినాను. లోపలి గడియారంలో పదకొండుకు పది నిమిషాలు. పిలుస్తాంటే అక్క పలికిన మాట బయట మాకు వినబడింది. కాసేపటికి వచ్చి, "రాసుకున్నారు. సామాన్లు తెచ్చుకొమ్మన్నారు," అనింది.

ప్రహరీ గోడ నీడలో మూట విప్పింది. రాగి సంగటి ముద్దలు, చెనక్కాయలు రోట్లో నూరిన ఊరిబిండి. చేతులు మట్టితో రెండుసార్లు రుద్దినా డీజిలు వాసన పోలేదు. ముద్ద తుంచి మొదట బొజ్జన్నకు పెట్టింది. ఆయన ఒక క్షణం చూసి చెయ్యి చాపినాడు. నాకు పెట్టింది, తనూ తీసుకునింది. ముగ్గురం తింటా ఉండాము.