కోరలు పీకిన వాహకం

నేను ఒక వైరస్‌ను. భయపడకండి, కోరలు పీకేశారు. హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో నాలోని రోగపు జన్యువులన్నీ తీసేసి, తమకు కావలసిన జన్యువొకటి కూరారు. ఒక్కసారి ఒక కణంలోకి దూరగలను, పిల్లల్ని పెట్టలేను. ఇంత చేసి, ‘వెక్టర్’, అంటే జన్యువులు మోసే మోతగాడు, అని బిరుదిచ్చి మైనస్ ఎనభై డిగ్రీల చలిలో పడేశారు. సన్మానమంటే ఇదే కాబోలు.

నా అవసరం పడ్డ మనిషి కోటేశ్వరి, పల్నాడులో పల్లెవెలుగు బస్సు కండక్టరు. రక్త క్యాన్సరు రెండుసార్లు తిరగబెట్టింది. ఆమె తెల్లకణాల్ని బయటికి తీసి, క్యాన్సరును గుర్తుపట్టే జన్యువును నా చేత వాటిలోకి పంపి, మళ్లీ ఎక్కించడమొక్కటే మిగిలిన దారి. అందుకు ఆమె సంతకం కావాలి. ఆ సంతకం కథను తర్వాత ఆమె రక్తంలో తిరుగుతూ ఆమె నోటే పదిసార్లు విన్నాను.

అంగీకార పత్రాన్ని తెలుగులోకి దింపిన మహానుభావుడు నన్ను ‘వాహకము’ అన్నాడు. కోటేశ్వరి తల్లి అంకమ్మ కూడబలుక్కుని ‘వాహనము’ అని చదివింది. మర్నాడు నాలుగు నిమ్మకాయలతో వచ్చి, బండి చూపిస్తే చక్రాల కింద పెట్టి వస్తానంది. విదేశాల్లో ఉపన్యాసాలిచ్చే డాక్టరు ఫణీంద్రకు, నాకు చక్రాల్లేవని చెప్పడానికి అరగంట పట్టింది. ఆ తడబాటులో ‘వైరస్’ అన్న మాట నోరు జారింది. కోటేశ్వరి పెన్ను కింద పెట్టేసింది.

“కోరలు పీకిన పామమ్మా అది,” అన్నాడాయన.

“కోరలు పీకినా పాము పామే గదయ్యా,” అంది అంకమ్మ.

“అన్నీ పీకారని ఎవరు చూశారు సార్?” అంది కోటేశ్వరి.

అప్పుడాయన నిజం చెప్పాడు. నేను కణంలో కూడని చోట అతుక్కుంటే కొత్త క్యాన్సరే రావచ్చు, అది చాలా అరుదు. వైద్యం మానుకుంటే మాత్రం మిగిలేది నెలలే. కోటేశ్వరి సంతకం చేసింది. నిజం చెప్పి ఒప్పించడం తేలికన్న సంగతి ఆయన ఏ ఉపన్యాసంలోనూ చెప్పినట్టు లేదు.

నన్ను కరిగించి ఆమె కణాల సంచిలో వదిలారు. లోపలికి దూరగానే నా పైతొడుగు విడిపోయింది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది మిగిలిన జన్యువే. కణాలు పెరిగి ఆమె ఒంట్లోకి చేరాక నాలుగు రోజులు జ్వరంతో వణికిపోయింది. కణాలు క్యాన్సరుతో పోరాడుతున్నాయి, మంచి సూచనే అన్నారు డాక్టర్లు. వణికేది వాళ్లు కాదు కదా.

నెల తిరిగేసరికి ఎముకల మూలుగలో క్యాన్సరు కణం కనబడలేదు. నాకో దండ వేస్తారనుకున్నాను, నిఘా వేశారు. నేనేదైనా అఘాయిత్యం చేస్తానేమోనని పదిహేనేళ్లపాటు ఏటా రక్తపరీక్షట. కోటేశ్వరి ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది.

“పదిహేనేళ్లా? అయితే అందాకా నేనుంటాననేగా సార్?”

డాక్టరు తలెత్తకుండా వచ్చే ఏడాది తారీఖు రాసిచ్చాడు.